నాలుగో డిస్కు సాక్ష్యం

“ఆ బటన్ మీంచి వేలు తియ్యి,” అన్నాను గుమ్మంలోంచే.

ఇస్త్రీ తల తిప్పి చూశాడు గానీ వేలు తియ్యలేదు. మౌసు మీద అతని చూపుడువేలు, తెర మీద ‘సరిచెయ్యి’ అని రాసున్న పచ్చటి గడి. నేను ఇంకో నిమిషం ఆలస్యంగా వచ్చుంటే ఈ కేసులో మిగిలిన ఒకే ఒక్క సాక్షిని ఆ వేలితో చంపేసి, పైగా రిపోర్టు కింద నా చేత సంతకం కూడా పెట్టించుకునేవాడు.

“నమస్కారం మేడం,” అన్నాడు తీరిగ్గా. “మీ కోసమే చూస్తున్నా. ఇది నొక్కేస్తే తప్పులన్నీ సున్నాకి వచ్చేస్తాయి. రిపోర్టు రాసేసుకుని ఎవరి ఇంటికి వాళ్ళం భోజనానికి వెళ్ళిపోవచ్చు.”

“నీకంత ఆకలిగా ఉంటే ముందు వెళ్ళి తినిరా. అది మాత్రం నొక్కకు.”

మా పాత ఆఫీసులో ఇతన్ని వెనకాల అందరం ఇస్త్రీ అనేవాళ్ళం. చొక్కా మీద ఏనాడూ ఒక్క మడత ఉండేది కాదు. రిపోర్టులూ అంతే, ఎక్కడ ముడత కనబడినా సాపు చేసేదాకా నిద్రపోడు. చెడిపోయిన డిస్కుల్లోంచి పోయిన ఫైళ్ళు తవ్వి తీయడంలో అతని చెయ్యి మంచిదని ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. ఇప్పుడు అవతలి పక్షం అతన్ని పెట్టుకుంది. ఇవతలి పక్షానికి నేనున్నాను.

కేసు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు జారి రెండంతస్తులు కిందకి పడింది. అందులో ఉన్న గుమాస్తా ఒకావిడ నడుము విరిగి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆ లిఫ్టు బాగోగులు చూసే మెకానిక్ మీద కేసు పెట్టారు. “రోపుల పురులు తెగుతున్నాయని నేను ముందే చెప్పాను. వీడియో తీసి భవనం మేనేజరుకి చూపించాను, అయినా లిఫ్టు ఆపలేదు. అది మా ఇంటి సర్వర్‌లో భద్రంగా ఉంది” అన్నాడతను. పోలీసులొచ్చి చూశారు. వీడియో ఉంది. అతను చెప్పిన పేరుతో, చెప్పిన తేదీతోనే ఉంది. కానీ అందులో రోపులు గ్రీజు పూసుకుని నిగనిగలాడుతున్నాయి. ఫోనులో జాగా చాలక అక్కడున్నది ఎప్పుడో చెరిపేశాడట. మేనేజరేమో అసలు ఏ వీడియో చూడలేదంటున్నాడు. దాంతో నిర్లక్ష్యానికి తోడు అబద్ధం కూడా మెకానిక్ మెడకు చుట్టుకుంది.

రెండు పక్షాల నిపుణులూ కలిసి ఆ సర్వర్‌ని అతని ఇంట్లోనే పరిశీలించి, ఈ సాయంత్రంలోగా ఒకే రిపోర్టు ఇవ్వాలని కోర్టు చెప్పింది. అందులో ‘ఫైలు అసలుదే’ అని మేము రాస్తే రేపు అతని బెయిలు రద్దవుతుంది. ఆ తర్వాత జైలే.

సర్వర్ ఉన్నది మెకానిక్ తల్లిగారి గదిలో. మంచం పక్కన చిన్న ముక్కాలిపీట మీద నల్ల డబ్బా, దాని ముఖాన నాలుగు అరలు, ఒక్కో అరలో ఒక్కో డిస్కు. పైన పాత తువ్వాలు కప్పి ఉంది. దాని దీపాలు కళ్ళలో పొడుస్తున్నాయని పెద్దావిడే కప్పిందట. మెకానిక్ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను పిలిపించింది ఆవిడే.

“మేడం, నాకు మెసేజ్ వచ్చినప్పట్నుంచీ అన్నం సయించట్లేదు,” అంది. “పారిటీ చెక్‌లో తప్పులున్నాయని వచ్చింది. అంటే ఏంటో ఈయన్నడిగితే నీకెందుకూ అని కసురుకున్నారు.”

“ఈ డబ్బాలో నాలుగు డిస్కులున్నాయి కదమ్మా. మూడింట్లో మీ ఫోటోలూ వీడియోలూ ఉంటాయి. నాలుగోదాంట్లో ఒక్క ఫోటో కూడా ఉండదు. ఆ మూడింటి కూడిక మాత్రం ఉంటుంది. ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో మూడు, మరోదాంట్లో నాలుగు ఉన్నాయనుకోండి. నాలుగో డిస్కు తొమ్మిది అని గుర్తుపెట్టుకుంటుంది. రేపు మూడు ఉన్న డిస్కు పాడైపోయినా భయం లేదు. తొమ్మిదిలోంచి రెండూ నాలుగూ తీసేస్తే మూడు మళ్ళీ దొరుకుతుంది. ఆ కూడిక పేరే పారిటీ. అప్పుడప్పుడూ డబ్బా తనంతట తనే మళ్ళీ కూడి చూసుకుంటుంది. ఈసారి కూడికలు సరిపోలేదు.”

“అంటే ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నట్టేగా?”

“అంతే. కానీ ఎవరో అది చెప్పదు. ఈ పెద్దమనిషి నొక్కబోయిన బటన్ ఉందే, అది మూడు డిస్కులూ సత్యహరిశ్చంద్రులే అని నమ్మేసి నాలుగోదాని నోరు నొక్కేస్తుంది. వాటికి తగ్గట్టు కూడికని తిరగరాసేస్తుంది.”

“లోకమంతా చేసే పని అదే మేడం,” అన్నాడు ఇస్త్రీ. “ఎప్పుడో కరెంటు పోయుంటుంది. డబ్బా ఠక్కున ఆగిపోయుంటుంది. కూడిక రాసేలోపే ఆరిపోయింది. నూటికి తొంభై ఇళ్ళలో జరిగేది ఇదే. దీనికి డిటెక్టివ్ దేనికి?”

ఒళ్ళు మండింది. కానీ అతను చెప్పింది తప్పు కాదు, మామూలుగా జరిగేది అదే. అందుకని కోపాన్ని పక్కన పెట్టి, పెద్దావిడ మంచం మీద ఓ చివర కూర్చున్నాను.

“అమ్మా, ఈ గదిలో కరెంటు ఎప్పుడైనా పోయిందా?”

“పోతే మాత్రం ఆ జోరీగ ఆగుతుందా?” అందావిడ డబ్బా వైపు చూపించి. “దానికి కింద బ్యాటరీ పెట్టాడు మా వాడు. ఇల్లంతా చీకటైనా అది మాత్రం చెవిలో రొద పెడుతూనే ఉంటుంది. నా ఫ్యానుకి లేదు ఆ భాగ్యం.”

“మీరు పొరపాటున వైరు గానీ లాగారా?”

“ముట్టుకుంటే షాక్ కొడుతుందని చెప్పి భయపెట్టాడమ్మా. తువ్వాలు కూడా దూరం నుంచి విసురుతా.”

“అది ఎప్పుడూ ఆగలేదన్నమాట.”

పెద్దావిడ చెయ్యి అడ్డంగా ఊపింది. “ఒక్కసారి ఆగింది. వీళ్ళిద్దరూ వకీలు దగ్గరికి వెళ్ళిన మధ్యాహ్నం. మాత్ర వేసుకుని పడుకున్నా. మధ్యలో మెలకువొస్తే ఇల్లంతా నిశ్శబ్దం. పీడ వదిలిందనుకుని అటు తిరిగి మళ్ళీ పడుకున్నా. ఈ మధ్య నేను హాయిగా నిద్రపోయింది ఆ ఒక్క పూటే. సాయంత్రం లేచేసరికి మళ్ళీ రొద మొదలైంది.”

ఇస్త్రీ ముఖంలో ఏ మార్పూ లేదు. కానీ లాప్‌టాప్ మీద టైపు చేయడం ఆపేశాడు.

“ఆ పూట ఇంట్లో ఇంకెవరున్నారు?” అని కోడల్ని అడిగాను.

“ఎవరూ లేరు. అత్తయ్య నిద్రపోతారని బయట తాళం పెట్టే వెళ్ళాం.”

“తాళంచెవులు ఎన్నున్నాయి?”

“నా దగ్గరొకటి, ఈయన దగ్గరొకటి. ఇంకోటి మా తమ్ముడి దగ్గర. అత్తయ్యకి ఏదైనా అవసరమొస్తే దగ్గర్లో ఉంటాడని ఇచ్చాం. వాడూ ఆ భవనంలోనే పని, ఈయనే పెట్టించారు. ఆ రోజు వాడు డ్యూటీలో ఉన్నాడు.”

“అమ్మ నిద్దట్లో ఏదో కలగంది,” అన్నాడు మెకానిక్ గోడ దగ్గర నుంచి. నేనొచ్చాక అతను నోరు విప్పడం అదే మొదలు. “మేడం, మీరు మా కోసం కష్టపడుతున్నారు, కాదనను. కానీ ఆయన చెప్పింది సబబుగానే ఉంది. ఆ సరిచెయ్యడమేదో చేసేయండి. గొడవ వదిలిపోతుంది.”

నేను అతని వంక నిదానంగా చూశాను. నన్నీ పనిలో రకరకాల వాళ్ళు బతిమాలారు. దాచినది బయటపెట్టొద్దన్న దొంగలూ, దొరికినది చూపించమన్న దొరలూ ఉన్నారు. జైలుకి ఒక్క అడుగు దూరంలో నిలబడి, తనను కాపాడగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెరిపేయమన్న మనిషిని మాత్రం నేను చూడలేదు.

“ఈ డబ్బాని మీరే కదా అమర్చింది?” అన్నాను.

“నేనే.”

“చెక్ చేసేటప్పుడు తప్పు కనబడితే దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. మీరు దాన్ని ఆపేసి పెట్టారు. ఎందుకు?”

“అది మా పనిలో అలవాటు. తనిఖీ చేసేటప్పుడు దేని మీదా చెయ్యి పెట్టకూడదు. ముందు చూసి రాసుకోవాలి, రిపేరు ఆ తర్వాత. చూస్తూ చూస్తూ బిగించేస్తే ఎందుకు వదులైందో ఎప్పటికీ తెలీదు.”

“మంచి అలవాటు. మరి ఈ రోజు దాన్ని వదిలేయమంటున్నారేం?”

అతని భార్య మొగుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. “ఒక పూట ఆగిందనే అనుకుందాం. ఆగడం నేరమా? మెమరీ చిప్పు పాడైనా కూడికలు తప్పుతాయి. వైరు వదులైనా తప్పుతాయి.”

“మొన్నా నిన్నా ఈ అమ్మాయి చేత రెండుసార్లు చెక్ నడిపించాను, ఏదీ సరిచెయ్యకుండా. మెమరీ పాడైతే తప్పులు ఒక్కోసారి ఒక్కో చోట పడాలి. రెండుసార్లూ అవే చోట్లు, వెంట్రుకవాసి తేడా లేదు.”

“వైరో?”

“వైరు వదులైతే డిస్కు ఊరుకోదు, తన దగ్గర ఫిర్యాదు రాసుకుంటుంది. నాలుగింటిలో ఏదీ కిమ్మనలేదు, నువ్వే చూసుకో.”

చూశాడు. పెదవి విరిచాడు.

“ఇక నీ కరెంటు సంగతి,” అన్నాను. “కరెంటు పోతే ఆ క్షణాన రాస్తున్న చోట చిటికెడు తప్పులు పడతాయి. ఇక్కడ ఒకే చోట కుప్పగా పడ్డాయి. కొలిచి చూశాను, ఒక చిన్న వీడియో పట్టేంత జాగా. ఆ పక్కన ఇంకో చిన్న కుప్ప, ఫైళ్ళ పేర్లూ తేదీలూ ఉండే చోట. కరెంటుకి వీడియోల పిచ్చి ఉందా?”

“మీరనేదేంటి? ఎవరో డబ్బా ఆపి, ఒక డిస్కు ఊడదీసి, బయట ఇంకో కంప్యూటర్‌కి పెట్టి వీడియో మార్చి, మళ్ళీ తెచ్చి దోపారంటారు.”

“డబ్బాలో ఉండగా మారిస్తే కూడిక కూడా దానంతటదే మారిపోయేది, మనకి ఏనాటికీ తెలిసేది కాదు. డబ్బాలోకి వెళ్ళాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది వాడి దగ్గర లేదు. అందుకని డిస్కు తీశాడు. నాలుగో డిస్కు అనేదొకటి ఉందనీ, అది లెక్క రాసుకుంటుందనీ వాడికి తెలీదు.”

“కథ బాగుంది,” అన్నాడు ఇస్త్రీ. “ఆధారం?”

నేను లేచి తువ్వాలు పక్కకి తీశాను. అరల ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాను. డిస్కు ఉన్న ప్రతి సొరుగుకీ రెండేసి మరలున్నాయి. ప్రతి మర మీదుగా పసుపు రంగుతో ఒక సన్నటి గీత, మర తల మీద మొదలై సొరుగు అంచు మీదకి సాగింది.

“ఈ గీతలేంటి?” అన్నాడు ఇస్త్రీ నా వెనక నుంచి వంగి.

మెకానిక్ భార్యే చెప్పింది. “లిఫ్టు వాళ్ళందరూ చేస్తారు. బోల్టు బిగించాక రంగుతో గీత గీస్తారు. బోల్టు కాస్త తిరిగినా గీత విరిగినట్టు కనబడుతుంది కదా, అందుకు. ఈయనకది పిచ్చి. మా ఇంట్లో తలుపు బందులకీ గీతలే, మిక్సీ కాళ్ళకీ గీతలే. నా కళ్ళజోడుకి కూడా గీస్తానంటే చచ్చినా వద్దన్నాను.”

పెద్దావిడ మంచం మీద నుంచి, “నా చేతికర్రకి గీశాడు,” అంది.

మొదటి సొరుగు మీద గీతలు పాతవి. రంగు వెలిసి, దుమ్ము పట్టి, తిన్నగా ఉన్నాయి. మూడోదీ నాలుగోదీ అంతే. రెండోదాని మీద కూడా గీతలు తిన్నగానే ఉన్నాయి. కానీ రంగు కొత్తది. టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. మర తల మీద కొత్త గీత పక్కనే పాత గీత ముక్క ఒకటి, ఎటో పక్కకి చూస్తోంది. విప్పి మళ్ళీ బిగించినప్పుడు మర సరిగ్గా పాత చోటికి రాలేదు. వచ్చిన చోటే దాని మీద కొత్త గీత గీసేశారు.

నేను పక్కకి జరిగి ఇస్త్రీకి చోటిచ్చాను. అతను ప్యాంటు మాసిపోతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ఫోటోలు తీసుకున్నాడు.

“మామూలు దొంగ అయితే విప్పుతాడు, బిగిస్తాడు, పోతాడు,” అన్నాను. “ఆ గీత వాడి కంటికి ఆనదు. ఆనినా ఏదో మరక అనుకుంటాడు. విప్పాక మళ్ళీ గీత గీసి మరీ పోయాడంటే, గీత తప్పితే ఇంటాయన పట్టేస్తాడని తెలిసినవాడు. జేబులో పసుపు రంగు పెన్ను పెట్టుకుని తిరిగేవాడు.”

నేను మెకానిక్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“మీరు దీన్ని నాకంటే ముందే చూశారు.”

అతను తల దించుకున్నాడు.

“వీడియో తీసిన రోజు పైన మెషీన్ రూమ్‌లో మీతో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.” నా ప్రశ్న పూర్తి కాకుండానే వచ్చేసింది జవాబు.

“ఏవండీ,” అంది అతని భార్య. “నిజం చెప్పండి.”

“నువ్వూరుకో. లోపలికి వెళ్ళు.”

ఆవిడ వెళ్ళలేదు. నాకు ఆ మనిషి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తన తల తనే బల్ల మీద పెట్టి, కత్తి ఇంకొకరికి అందిస్తున్నాడు. ఎవరి కోసమో నాకు అప్పటికే తెలిసిపోయింది.

“ఒక మాట,” అన్నాడు ఇస్త్రీ, మోకాళ్ళు దులుపుకుంటూ లేచి. గొంతులో ఎకసెక్కం తగ్గింది. “డిస్కు తీశారని ఒప్పుకుంటాను. వీడియో మార్చారని మాత్రం ఒప్పుకోను. దుమ్ము దులపడానికి తీసి ఉండొచ్చు. లేదా నాలుగో డిస్కే తప్పు లెక్క పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. కూడిక తప్పినంత మాత్రాన కూడినవాడిదే నిజమని ఎందుకనుకోవాలి?”

మంచి ప్రశ్న. ఇందుకే ఇతనితో గొడవ పడటం నాకిష్టం.

“దానికి పరీక్ష ఉంది. రెండో డిస్కుని బయటకి తీసేద్దాం. అది లేకుండా డబ్బాని నడుపుదాం. అప్పుడు రెండో డిస్కులో ఏముండేదో మిగతా మూడింటి లెక్క నుంచి డబ్బానే తయారుచేసి చూపిస్తుంది. నాలుగోది తప్పు లెక్క పట్టుకుని ఉంటే మనకి చెత్త కనబడుతుంది. చెత్తలోంచి వీడియో ఆడదు. ఆడిందంటే, మార్చకముందు ఉన్నది అదే.”

“మూడో డిస్కు ముసలిది. చప్పుడు వినబడుతోందా, టిక్కు టిక్కు మని? రెండోది తీశాక అది గానీ చదవలేనని మొరాయిస్తే మీ లెక్క మధ్యలోనే ఆగిపోతుంది. ముందు అన్నిటికీ నకళ్ళు తియ్యాలి.”

“నకళ్ళు తీసేసరికి రేపవుతుంది. రిపోర్టు ఈ సాయంత్రం ఇవ్వాలి.”

“అయితే ఇంటివాళ్ళ అనుమతి కావాలి. అది లేకుండా నేను సంతకం పెట్టను.”

“నేనివ్వను,” అన్నాడు మెకానిక్.

“నేనిస్తాను,” అంది అతని భార్య. ముందుకొచ్చి డబ్బా పక్కన నిలబడింది. “పాస్‌వర్డ్ పెట్టింది నేను, మెసేజ్ వచ్చింది నాకు, ఈవిణ్ణి పిలిచింది నేను. రేపు జైలు గేటు దగ్గర టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడాల్సిందీ నేనే. తియ్యండి మేడం.”

డబ్బాని పద్ధతిగా ఆపాం. పెద్దావిడ, “అబ్బ,” అంటూ ఊపిరి పీల్చుకుంది. ఇస్త్రీ ఒక్కో మరా విప్పుతుంటే నేను ఫోటోలు తీశాను. రెండో డిస్కుని సంచిలో పెట్టి, మీద ఇద్దరం సంతకాలు చేశాం. మళ్ళీ డబ్బా వేస్తే ఒక డిస్కు లేదని ఎర్రగా గోల పెట్టింది. ఉన్నవాటితోనే నడవమన్నాను. మూడో డిస్కు టిక్కుటిక్కులు ఎక్కువయ్యాయి. ఫోల్డర్ తెరుచుకుంది. అదే పేరు, అదే తేదీ. సైజు మాత్రం వేరు. మొన్న పోలీసులు చూసిన దానికంటే ఇది పెద్దది.

ఇస్త్రీ ముందుగా దాన్ని తన దగ్గరకి కాపీ చేశాడు. కాపీ ఎంతయిందో చూపే గీత తెర మీద నెమ్మదిగా నిండుతుంటే మేమిద్దరం ఒకే కుర్చీ వెనక నిలబడి గుడ్లప్పగించి చూశాం. నిండింది. అతనే ప్లే నొక్కాడు.

టార్చి వెలుగు, దాంట్లో ఉక్కు రోపులు. గ్రీజు లేదు, మెరుపు లేదు. తెగిన పోగులు ముళ్ళలా బయటకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మెకానిక్ గొంతు, “ఇది చూడు. పురులు తెగాయి. ఇది వేసి ఏడాది కూడా కాలేదు, ఇలా ఎందుకైందిరా?” అంటోంది. ఇంకో కుర్ర గొంతు, “ఏమో బావా,” అంది.

మెకానిక్ భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

“రోపులు మార్చేనాటికి వాడు అప్పుడే పనిలో చేరాడు,” అన్నాడు మెకానిక్ భార్యతో మెల్లగా. ఇక దాచేదేమీ లేదు. “వాడే దగ్గరుండి వేయించాడు. ఎక్కడో తప్పు చేసుంటాడు, భయపడి వీడియో మార్చాడు అనుకున్నా. నీకు ఒక్కడే తమ్ముడు. వాడి బతుకు మొదట్లోనే చెడిపోతుంది. నాదేముంది, నాలుగేళ్ళు లోపలుండి వస్తాననుకున్నా.”

“నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?” అందావిడ. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది.

వీడియో ఇంకా నడుస్తోంది. “నేను కిందకెళ్ళి జనాన్ని దింపించి వస్తా, నువ్వు ఇక్కడే ఉండు,” అంది మెకానిక్ గొంతు. ఫోను దేనికో ఆనించిన చప్పుడు. తెర మీద ఓ పక్కకి వాలిన రోపులూ కాస్త పైకప్పూ మిగిలాయి. అడుగుల చప్పుడు దూరమైంది.

“ఆపడం మర్చిపోయి దిగిపోయాను,” అన్నాడు మెకానిక్. “మేనేజరుకి మొదటి ముక్కే చూపించా. ఇంత పొడుగుందని నాకే తెలీదు.”

అప్పుడు కుర్ర గొంతు మళ్ళీ వినబడింది. ఫోనులో ఎవరితోనో గొణుగుతున్నాడు.

“సార్, మా బావ చూసేశాడు... లేదు సార్, పాత రోపులని కనిపెట్టలేదు, కొత్తవే తెగాయనుకుంటున్నాడు... పక్క లిఫ్టుకా? దానికీ అవే వేశాను, మీరు చెప్పినట్టే. వాటి పరిస్థితి ఇంతకంటే ఘోరంగా ఉంది సార్... దాని జోలికి వెళ్ళకుండా నేను చూసుకుంటా. పైకెక్కి చూసేది మా బావ ఒక్కడే.”

వీడియో ఆగిపోయింది. మెకానిక్ గోడ వదిలి ముందుకొచ్చాడు. “పక్క లిఫ్టా?” అన్నాడు. “అమ్మతోడు మేడం, ఇది నాకు తెలీదు. తెలిస్తే నేను నోరు మూసుకుని ఉంటానా?”

ఇస్త్రీ అప్పటికే తన ఫోను తీశాడు. “పక్కది నడుస్తోంది. పొద్దున నేను దాంట్లోనే ఎక్కి మేనేజరు దగ్గర కాగితాలు తెచ్చుకున్నా.” తనను పెట్టుకున్న మేనేజరుకే చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. ఈసారి కట్ చేశారు.

“మీ తమ్ముడు ఇప్పుడెక్కడున్నాడు?” అని అడిగాను.

ఆవిడ జవాబు చెప్పకుండా ఫోను తీసి, స్పీకరు పెట్టి, డబ్బా మీద ఉంచింది. నాలుగు రింగులకి ఎత్తాడు.

“చెప్పక్కా.” ఆయాసపడుతున్నాడు.

“ఎక్కడున్నావురా?”

“డ్యూటీలో ఉన్నా. ఏడో అంతస్తులో లైట్లు పోయాయంటే వెళ్తున్నా.”

“ఎందుకా రొప్పడం?”

“మెట్లెక్కుతున్నానక్కా.”

“లిఫ్టు లేదా?”

ఒక్క క్షణం అడుగుల చప్పుడు ఆగింది. “ఉంది.”

“పనిచెయ్యట్లేదా?”

“చేస్తోంది.”

“మరి నువ్వెందుకెక్కలేదురా?”

ఆవిడ రెండు చేతులతో ఆ డబ్బాని గట్టిగా పట్టుకుంది.

“నీ గొంతు విన్నాం,” అంది. “బావ నీ కోసం జైలుకి పోదామనుకున్నాడు. అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు పైకి పరిగెత్తు. మెషీన్ రూమ్‌కి వెళ్ళి ఆ లిఫ్టు ఆపెయ్. ఇప్పుడే, ఈ క్షణమే!”

ఫోనులో ఎక్కడో దగ్గర్లోనే గంట మోగింది. తలుపులు జరిగిన చప్పుడు, జనం మాటలు, ఎవరో జరగండి జరగండి అని నవ్వడం వినిపించాయి. తలుపులు మళ్ళీ మూసుకున్నాయి.

“అక్కా,” అన్నాడు కుర్రాడు. ఏడుస్తున్నాడు. “నిండా ఎక్కారక్కా. పైకి బయల్దేరింది.”